తెలిసిన ప్రశ్న దగ్గరే ఆగని చెయ్యి: ఒక లాంగ్ టర్మ్ విద్యార్థిని కేస్ స్టడీ

"కంట్రోల్ లేదు", "చెయ్యి నిలవదు", "చెప్తే ఇనదు" అంటూ పిల్లల్ని మాలాంటి సైకాలజిస్టుల దగ్గరికి తీసుకొచ్చేసరికే వాళ్ల మీద తీర్పు పడిపోయి ఉంటుంది: ఆపుకొనే శక్తి తక్కువ అని. మొదలైన పనిని మధ్యలో ఆపుకోవడానికి మనిషికి ఎంత సమయం పడుతుందో మనస్తత్వ శాస్త్రం నలభై ఏళ్లుగా కొలుస్తోంది. కొలిచి చూస్తే లోపం ఆపుకోవడంలో కాక ఇంకోచోట బయటపడే సందర్భాలున్నాయి. ఈ కేసు అలాంటిది. అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

నెల్లూరు జిల్లాలో నిమ్మతోటలున్న వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబం. అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. మొదటిసారి నీట్‌లో సీటుకు సరిపడా మార్కులు రాలేదు. నెల్లూరులో హాస్టల్లో ఉండి లాంగ్ టర్మ్ చదువుతోంది. చిన్నప్పటి నుంచి క్లాసులో ముందుండే పిల్ల. బోటనీ, జువాలజీ పుస్తకాల్లో ఏ వాక్యం ఏ పేజీలో ఉందో చెప్పగలదు. ఫిజిక్స్ అంటే మాత్రం జంకు.

ఆమె రాయాల్సిన నీట్ ఓఎంఆర్ షీటు మీద జరిగేదే. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. అందులో బయాలజీ 90 ప్రశ్నలు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. అంటే తెలిసిన ప్రశ్నకు తప్పు బబుల్ దిద్దితే పోయేది అయిదు మార్కులు. బాల్‌పెన్‌తో దిద్దిన బబుల్‌ని మార్చుకోవడానికి లేదు. ఈ కేసంతా ఈ చివరి నిబంధన చుట్టూనే తిరుగుతుంది.

సమస్య

వారాంతపు టెస్టుల్లో ఆమె పోగొట్టుకుంటున్న మార్కుల్లో ఎక్కువ భాగం జవాబు తెలిసిన ప్రశ్నల్లోనే. కాలేజీలో దీన్ని సిల్లీ మిస్టేక్స్ అన్నారు. తర్వాత కంగారు అన్నారు. చివరికి అక్కడి కౌన్సెలర్ ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని సమస్య) ఉందేమో చూపించమని రాసి పంపారు.

తల్లి మొదటి మాట: "పొద్దస్తమానం చదువుద్ది మేడమ్. ఆ గుండ్రాల కాడికొచ్చేసరికి చెయ్యి నిలవదు ఈ బిడ్డకి."

అమ్మాయిని విడిగా అడిగితే చెప్పింది: "తప్పని తెలుస్తానే ఉంటది మేడమ్. పెన్ను పెట్టినాక తెలుస్తది. అప్పటికే దిద్దేస్తా ఉంటా."

ఈ వాక్యాన్ని నేను నోట్స్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. తప్పని తెలియకపోవడం వేరు, తెలిసీ ఆగలేకపోవడం వేరు. ఈమె చెబుతున్నది మూడోది, తెలియడమే ఆలస్యంగా జరగడం. ఈ మూడింటిలో ఏదో తేల్చకుండా సలహా ఇవ్వడం సరికాదనిపించింది.

ఏడీహెచ్‌డీ ప్రశ్నను ముందు తీసుకున్నాను. ఆ నిర్ధారణకు లక్షణాలు 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి. ఇల్లు, బడి లాంటి కనీసం రెండు చోట్ల ఉండాలి. తల్లిదండ్రులు, చిన్నప్పటి టీచరు చెప్పినదాంట్లో అలాంటిదేమీ లేదు. బండి మీద నుంచి పడటం, తలకు దెబ్బ, ఫిట్స్ గురించి కూడా అడిగాను. ఇది మొక్కుబడి ప్రశ్న కాదు. ఆడమ్ ఆరన్, సహచరులు 2003లో మెదడు కుడి ముందు భాగం దెబ్బతిన్న రోగుల మీద చేసిన అధ్యయనంలో, అక్కడి కింది మడతకు ఎంత ఎక్కువ నష్టం జరిగితే ఆగడానికి అంత ఎక్కువ సమయం పట్టింది. ఈ అమ్మాయికి అలాంటి చరిత్ర లేదు. సైకియాట్రిస్టు విడిగా చూసి అదే మాట అన్నారు.

ఆగడాన్ని కొలవడం

కదలికను కొలవడం తేలిక. మీట నొక్కిన క్షణం కంప్యూటర్‌లో నమోదవుతుంది. కానీ మనిషి విజయవంతంగా ఆగినప్పుడు అక్కడ నమోదు కావడానికి ఏమీ జరగదు. జరగని పనికి పట్టిన సమయాన్ని ఎలా కొలవాలి? 1984లో గోర్డన్ లోగన్, విలియం కోవన్ దీనికి ఒక దారి చూపించారు. పని చేయించే ప్రక్రియ, పని ఆపే ప్రక్రియ రెండూ పరుగు పందెంలో ఉన్నాయనుకోమన్నారు. ఏది ముందు గీత దాటితే అదే జరుగుతుంది.

పరీక్ష చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. తెర మీద బాణం ఎడమకు చూపిస్తే ఎడమ మీట, కుడికి చూపిస్తే కుడి మీట వీలైనంత త్వరగా నొక్కాలి. నాలుగింట ఒకసారి, బాణం కనిపించిన కొద్దిసేపటికి ఆగమని సంకేతం వస్తుంది. అప్పుడు నొక్కకూడదు. మొదట ఆ సంకేతం పావు సెకను ఆలస్యంతో వస్తుంది. ఆగగలిగితే తర్వాతిసారి 50 మిల్లీసెకన్లు ఇంకా ఆలస్యంగా వస్తుంది, అంటే కష్టం పెరుగుతుంది. ఆగలేకపోతే 50 మిల్లీసెకన్లు ముందే వస్తుంది, అంటే తేలికవుతుంది. ఇలా నడుస్తూ సగం సార్లు ఆగగలిగి, సగం సార్లు ఆగలేని చోటికి చేరుతుంది. ఆ బిందువు దగ్గర రెండు ప్రక్రియలూ దాదాపు ఒకేసారి గీత చేరుతున్నాయన్నమాట. మీట నొక్కడానికి మామూలుగా 480 మిల్లీసెకన్లు పట్టే మనిషికి సంకేతం 250 దగ్గర వస్తున్నప్పుడు సగం సార్లే ఆగగలిగితే, ఆపే ప్రక్రియకు పట్టింది సుమారు 230. ఆరోగ్యంగా ఉన్న యువతలో ఇది సాధారణంగా 200 నుంచి 250 మధ్య ఉంటుంది. అసలు లెక్కలో ఇంకా మెరుగైన పద్ధతి వాడతాం కానీ సూత్రం ఇదే.

సంకేతం వచ్చాక మిగిలిన సమయం ఇంతకన్నా తక్కువైతే ఎంత పట్టుదల గల మనిషైనా ఆగలేడు. చెయ్యి వెళ్లిపోతుంది. పిల్లల్ని తిట్టే ముందు పెద్దలు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలని నా కోరిక.

తొలి కొలతలో వచ్చిన సంఖ్యను నేను వాడలేదు. కారణం చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సంఖ్యలు రిపోర్టుల్లోకి ఎక్కిపోతుంటాయి. ఆమె సంకేతం వస్తుందేమోనని ఎదురుచూడటం మొదలుపెట్టింది. మీట నొక్కే సమయం పోనుపోను పెరిగి 700 దాటింది. పైగా ఆగలేకపోయినప్పటి సమయాలు మామూలు సమయాల కన్నా ఎక్కువగా ఉన్నాయి. పందెం నమూనా ప్రకారం ఇది తిరగబడిన లెక్క. ఆపే ప్రక్రియను తప్పించుకునేవి వేగంగా వచ్చిన స్పందనలే కావాలి. ఫ్రెడరిక్ ఫెర్‌బ్రుగెన్, ఈ రంగంలోని అనేకమంది పరిశోధకులు కలిసి 2019లో రాసిన మార్గదర్శకంలో, ఇలా జరిగినప్పుడు ఆగే సమయాన్ని లెక్కకట్టవద్దని స్పష్టంగా ఉంది.

ఆ సంఖ్య పనికిరాకపోయినా ఆ ప్రవర్తన చాలా చెప్పింది. తప్పు చేస్తానన్న భయం ఉన్నప్పుడు ఈమె ఆగదు, మొత్తం మీద నెమ్మదిస్తుంది.

మరోసారి కూర్చోబెట్టినప్పుడు పద్ధతి ముందే వివరించాను. "ఆగలేకపోయినా ఏం కాదమ్మా, సగం సార్లు ఆగలేకపోయేలాగే దీన్ని తయారుచేశారు. నువ్వు ఆగి చూడొద్దు" అని. విరామాల్లో వేగం చూపించాను. ఈసారి నొక్కే సమయం నిలకడగా ఉంది, నియమాలన్నీ సరిపోయాయి. ఆగే సమయం 230 దగ్గర తేలింది. సంకేతాన్ని గమనించకుండా వదిలేసిన సూచనలూ పెద్దగా లేవు. దీన్ని కూడా నేను నిర్ధారణగా వాడలేదు. ఈ పరీక్షలో ఇంత దాటితే జబ్బు అనే గీత లేదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల గుంపును, లేని గుంపును పోలిస్తే తేడా కనిపిస్తుంది. రస్సెల్ షాఖర్, లోగన్ 1990లోనే దాన్ని చూపించారు. ఒక్క మనిషి విషయంలో మాత్రం ఆ సంఖ్య తీర్పు చెప్పదు. మ్యాగీ టోప్లాక్, రిచర్డ్ వెస్ట్, కీత్ స్టానోవిచ్ 2013లో గుర్తుచేసినట్టు, ఇలాంటి పరీక్షల ఫలితాలకూ ఇంట్లో బళ్లో పెద్దలు నింపే ప్రశ్నావళులకూ పొంతన చాలా తక్కువ. నాకు కావలసింది ఒక్కటే: ఆపే యంత్రాంగం మందగించిందా? లేదనే అనిపించింది. మరి తప్పులెక్కడివి?

జవాబు పాత టెస్టు పేపర్లలో దొరికింది

ఆమె పాత టెస్టుల బుక్‌లెట్లు తెమ్మన్నాను. జవాబు తెలిసీ తప్పుగా దిద్దిన ప్రశ్నల్ని ఆమె చేతే రంగు పెన్నుతో గుర్తుపెట్టించాను. పేజీలు తిప్పుతుంటే రంగంతా బయాలజీలోనే ఉంది. ఫిజిక్స్‌లో దాదాపు లేదు. స్వభావంలోనే తొందర ఉంటే అది సబ్జెక్టును చూసి రాదు కదా. అందులోనూ ఎక్కువ భాగం ఒకే రకం ప్రశ్నలు: కింది వాటిలో ఏది సరైనది కాదు అని అడిగేవి. నాట్, ఇన్‌కరెక్ట్, ఎక్సెప్ట్ ఉన్నవి.

పక్కన కూర్చుని ఆమె రాయడం చూశాను. పెన్ను ఎప్పుడూ ఓఎంఆర్ మీదే ఉంటుంది, ఆ ప్రశ్న వరుసలోనే, బబుల్‌కి అంగుళం దూరంలో. ప్రశ్నలో మొదటి రెండు మూడు మాటలు చూడగానే పాఠం గుర్తొస్తుంది, కళ్లు ఆప్షన్ల మీదికి దూకుతాయి. మొదటి ఆప్షన్‌లో పుస్తకంలోని వాక్యం యథాతథంగా ఉంటుంది. నిజమైన వాక్యం అది. చెయ్యి వెళ్లిపోతుంది. దిద్దుతూ ఉండగా కళ్లు తర్వాతి ప్రశ్న కోసం వెనక్కి వస్తాయి, దారిలో నాట్ కనిపిస్తుంది. సగం నల్లబడిన బబుల్ మీద పెన్ను ఆగుతుంది. ఆగినా లాభం లేదు.

ఆగు అనే సంకేతం ప్రశ్నలోనే ఉంది, ఆప్షన్ల కన్నా ముందే ఉంది. ఈమె చదివే తీరులో మాత్రం అది చెయ్యి కదిలాక అందుతోంది. ఇంకోవైపు, బయాలజీ మీద పట్టు వల్ల పని చేయించే ప్రక్రియ విపరీతమైన వేగంతో వస్తోంది. ఫిజిక్స్‌లో లెక్క చేసుకోవాలి కాబట్టి ఆ వేగం లేదు, అందుకే అక్కడ ఈ తప్పు లేదు. ఎంత బాగా చదివితే అంత ఎక్కువగా ఈ రకం తప్పు చేసే పరిస్థితిలో పడింది ఈ పిల్ల. ఆమెకు ఈ మాట చెప్పినప్పుడు ఏడ్చింది. ఏడాది పాటు తనకు నిగ్రహం లేదని విన్నది కదా.

పని చేయనివి

కాలేజీ వాళ్లు ఇచ్చిన సలహా "ప్రతి ప్రశ్నా నిదానంగా చదువు". మంచి ఉద్దేశమే. కానీ ప్రయోగశాలలోనూ ఆగాల్సి రావచ్చని తెలిసిన మనిషి అన్ని స్పందనల్నీ నెమ్మదింపజేస్తాడు. నా పరీక్షలో మొదట ఈమె చేసింది అదే. అవసరమున్న పాతిక ప్రశ్నల కోసం 180 ప్రశ్నల మీద సుంకం కట్టడం ఇది. బయాలజీలో సమయం కరిగి, ఫిజిక్స్‌కి చివర్లో ఊపిరాడక, అక్కడ వేరే తప్పులు మొదలయ్యాయి.

తండ్రి డబ్బు పెట్టి ఫోన్లో ఒక బ్రెయిన్ ట్రైనింగ్ యాప్ కొన్నారు. అందులో ఆమె స్కోరు బాగా పెరిగింది. ఓఎంఆర్ మీద ఏ మార్పూ లేదు. ఆపుకొనే ఆటల్ని సాధన చేస్తే ఆ ఆటలో మెరుగవుతారు. బయటి పనులకు ఆ మెరుగు అంతగా పాకదన్నది పరిశోధనల్లో పదేపదే కనిపించే విషయమే. ఆమె ఆపే వేగం ఎటూ మామూలుగానే ఉంది కాబట్టి, దాన్ని ఇంకా సానపట్టాలనే ఆలోచనకే ఇక్కడ ఆధారం లేదు.

దిద్దే ముందు రెండు అంకెలు లెక్కపెట్టుకోవడం అనే పద్ధతినీ పెట్టి చూశాం. 180 ప్రశ్నలకు రెండేసి సెకన్లంటే ఆరు నిమిషాలు, భరించగలిగినదే. మొదట్లో తప్పులు తగ్గాయి. కొన్నాళ్లకు లెక్కపెట్టడం కూడా చేతివాటంగా మారింది. పెన్ను బబుల్ మీద ఆనించి ఒకటి, రెండు అనుకుని దిద్దేసేది. ఆ రెండు సెకన్లలో కళ్లు ప్రశ్న మీదికి వెళ్లడం లేదు. సంకేతం అందని విరామం ఎంత పొడుగున్నా ఆపదు. దీంతో దారి స్పష్టమైంది. విరామం కాదు, సంకేతం ముందుకు రావాలి.

పని చేసింది

ఆపే ప్రక్రియ వేగాన్ని పెంచలేనప్పుడు దాన్ని ముందుగా బయలుదేరనివ్వాలి. ఇదే నా ఆలోచన. దానికి రెండు మార్పులు అనుకున్నాం. రెండూ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి పెట్టాం.

మొదటిది చదవడంలో. ఆప్షన్లు చూడకముందే పెన్నుకు బుక్‌లెట్ మీద ఒక పని అప్పజెప్పాం. ప్రశ్న అడుగుతున్న మాట కింద గీత గీయడం. అది కరెక్ట్ అయినా, నాట్ కరెక్ట్ అయినా గీత పడాలి. దానికి జతగా ఒక షరతు వాక్యం ఆమే రాసుకుంది: "నాట్, ఇన్‌కరెక్ట్, ఎక్సెప్ట్ కనిపిస్తే, నాలుగు ఆప్షన్ల పక్కనా ఒప్పో తప్పో వేస్తాను." ఫలానాది ఎదురైతే ఫలానాది చేస్తాను అని ముందే కట్టుకున్న వాక్యానికి ఎంత బలముంటుందో పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. జాగ్రత్తగా ఉంటాను అనుకోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఇందులో సందర్భం చెప్పేసి ఉంటుంది, చేయాల్సిన పనీ చెప్పేసి ఉంటుంది. ఇంకో సంగతి, ఇక్కడ ఆమెను ఆగమని అడగడం లేదు. నిజమైన వాక్యం కనిపించగానే చెయ్యి కదలనీ, అది బుక్‌లెట్ మీద ఒప్పు గుర్తు వేయడానికి కదులుతుంది. ఖర్చు కూడా ఆ రకం ప్రశ్నల మీదే పడుతుంది, మిగతావి ఆమె వేగంతోనే సాగుతాయి.

దీనితోనే తప్పులు బాగా తగ్గాయి. మిగిలినవి గీత గీయడం మర్చిపోయిన చోట్ల, అది కూడా రాత్రి నిద్ర చాలని వారాల్లో. హాస్టల్లో టెస్టు ముందు రాత్రి స్టడీ అవర్ కొంత తగ్గించమని అడిగాం, ఒప్పుకున్నారు.

రెండో మార్పు ఓఎంఆర్ షీటు ఉండే చోటులో. అది బుక్‌లెట్ కిందికి వెళ్లింది. పేజీలోని ప్రశ్నలన్నిటికీ జవాబులు బుక్‌లెట్‌లోనే టిక్ పెట్టి, పేజీ అయ్యాక షీటు బయటికి తీసి ఒక్కసారిగా దిద్దాలి. వెనక్కి తీసుకోలేని పనిని, జవాబు తట్టిన క్షణం నుంచి దూరం జరపడమే దీని ఉద్దేశం. పాతపద్ధతిలో పెన్ను ఆనడంతోనే ఆట ముగిసేది. ఇప్పుడు టిక్‌కీ బబుల్‌కీ మధ్య ఒకటి రెండు నిమిషాలుంటాయి, పైగా దిద్దేటప్పుడు గీత గీసిన మాట మళ్లీ కళ్ల ముందుకొస్తుంది.

దీని మీద తండ్రి అభ్యంతరం గట్టిది. "పేజీ పేజీకి దిద్దతా పోతే వరస తప్పదా మేడమ్? ఒక్క గడి జరిగితే కింద ఉండేవన్నీ పోతాయి గదా." నిజమే. అందుకే సబ్జెక్టంతా అయ్యాక దిద్దే పద్ధతి వద్దనుకున్నాం. పేజీకి మించకూడదు, ప్రతి వరుస దగ్గరా ప్రశ్న నంబరు పెదవులతో అనుకోవాలి, చివరి ప్రశ్న నంబరు షీటు మీదా బుక్‌లెట్ మీదా కలిసిందో లేదో చూసుకోవాలి. అసలు పరీక్షలో మార్చుకోగల అవకాశం లేదు కాబట్టి, టెస్టుల్లో ఇది చేతికి పూర్తిగా అలవడితేనే పరీక్షలో వాడాలని, లేకుంటే మొదటి మార్పుతోనే వెళ్లాలని ఒప్పందం చేసుకున్నాం. సమయం ఎక్కువ పడుతుందన్న భయమూ ఉండింది. గడియారం పెట్టి చూస్తే మొత్తం మీద తేడా లేదు. ప్రతి ప్రశ్నకూ బుక్‌లెట్‌కీ షీటుకీ మధ్య కళ్లు తిప్పే పని తగ్గింది కాబట్టి కాబోలు.

తర్వాతి గ్రాండ్ టెస్టుల బుక్‌లెట్లలో రంగు పెన్ను గుర్తులు అక్కడక్కడా తప్ప లేవు. ఫిజిక్స్ మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు, అది వేరే పని.

ఈ కేసు నుంచి నేను పట్టుకున్నవి

ఆపుకోలేకపోతున్నారన్న ఫిర్యాదుతో ఎవరొచ్చినా ఇప్పుడు ముందు అడిగేది, ఆగాలని ఎప్పుడు తెలుస్తోంది అని. రెండోది, ఏ పనుల్లో ఈ ఇబ్బంది లేదు అని. ఫిజిక్స్‌లో తప్పులు లేకపోవడమే ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద ఆధారం. ఇబ్బంది ఉన్న చోటు గురించే మాట్లాడి ఉంటే అది దొరికేది కాదు. కంప్యూటర్ పరీక్ష ఒక అనుమానాన్ని పక్కన పెట్టడానికి పనికొచ్చింది, అసలు కారణాన్ని చూపించింది మాత్రం పాత పేపర్లు, పక్కన కూర్చుని చూడటం.

కాలేజీకి పంపిన రిపోర్టులో ఏడీహెచ్‌డీకి ఆధారాలు లేవని, ఆపుకొనే సామర్థ్యం మామూలుగానే ఉందని, చదివే వరుసలోనూ షీటు పెట్టుకునే చోటులోనూ మార్పులు చేశామని రాశాను. టెస్టుల్లో ఆమె షీటును బుక్‌లెట్ కింద పెట్టుకుంటే ఇన్విజిలేటర్లు అడ్డు చెప్పకుండా చూడమని కోరాను.

ఈమె ఏపీ ఈఏపీసెట్ కూడా రాస్తోంది. అది కంప్యూటర్ మీద 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు, సబ్మిట్ చేసేదాకా ఆప్షన్ మార్చుకోవచ్చు. కాబట్టి అక్కడ రెండో మార్పు అక్కర్లేదని చెప్పాను. మొదటిది మాత్రం కావాలి, కానీ తెర మీద గీత గీయలేం. ప్రస్తుతం నాట్ ఉన్న ప్రశ్న ఎదురైతే రఫ్ షీటు మీద దాని నంబరు వేసి, పక్కన నాలుగు ఆప్షన్లకూ ఒప్పు తప్పులు వేసుకున్నాకే మౌస్ పట్టుకోవడం సాధన చేస్తోంది.